మేక పడ్డాక మొదలయ్యే పని

ప్రశ్న: అన్నా, మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. అలాస్కాకి వచ్చి నాలుగేళ్లు దాటింది. ఆంకరేజ్‌లో ఉద్యోగం, గ్రీన్ కార్డు ఉంది. ఆఫీసులో ఒక పెద్దాయన వేట నేర్పించాడు. ఆయనతో వెళ్లి రెండు జింకల్ని కొట్టాను. ఈసారి లాటరీలో కోడియాక్ దీవికి కొండమేక పర్మిట్ తగిలింది. ఆయనకేమో మోకాలి ఆపరేషన్ అయింది, రాలేడు. సెప్టెంబర్ చివర్లో ఏడు రోజులకి ఫ్లోట్ ప్లేన్ (నీళ్లమీద దిగే చిన్న విమానం) మాట్లాడేసుకున్నాను, ఒక్కణ్నే వెళ్తున్నాను. మా జీడితోటల్లో ఎలుగుల్ని చిన్నప్పటినుంచీ చూసినవాణ్ని కాబట్టి మరీ అంత భయం లేదు. నాకు తెలియాల్సింది ఒక్కటే. 10 ఎం.ఎం. పిస్టల్ కొనాలా, బేర్ స్ప్రే సరిపోతుందా? రాత్రిపూట టెంటులో ఏది చేతికి దగ్గరగా పెట్టుకోవాలి? ఇంకోమాట, మా ఆవిడకి మాత్రం స్నేహితుడు తోడొస్తున్నాడని చెప్పాను. ఒక్కణ్నే అంటే పంపదు.

జవాబు:

తమ్ముడూ, ముందు నువ్వు అడిగినదానికి చెప్పేస్తాను, అది చిన్న సంగతి. స్ప్రే (ఎలుగు మొహాన కొట్టే కారపు మందు) కొనుక్కో, రెండు డబ్బాలు. ఒకటి ఛాతీ పట్టీకి ఉండాలి, రెండోది రాత్రి తలదగ్గర. పిస్టల్ నీ చేతికి ఏళ్లుగా అలవాటైనదైతే తీసుకెళ్లు. ఈ వేటకోసమని కొత్తగా కొని, నాలుగుసార్లు రేంజికి వెళ్లొచ్చి, అదే కాపాడుతుందని మాత్రం అనుకోకు. 30 గజాల దూరంనుంచి ఉరికే ఎలుగు నీ మీదికి రావడానికి రెండు సెకన్లు చాలు. ఆ రెండు సెకన్లలో ఊగిపోతున్న చేత్తో అంత చిన్న గురి కుదరడం కష్టం. స్ప్రేకి అంత గురి అక్కర్లేదు, మబ్బులా పరుచుకుంటుంది. అలాస్కాలో ఇరవై ఏళ్లపాటు జరిగిన సంఘటనలమీద 2008లో ఒక అధ్యయనం వచ్చింది. బ్రౌన్ బేర్‌మీద (కోడియాక్ ఎలుగు కూడా ఈ జాతే) స్ప్రే కొట్టినప్పుడు నూటికి 92 సార్లు దాని జోరు ఆగిందని అందులో తేలింది. అలాగని అది మంత్రం కాదు. డబ్బా ఏడెనిమిది సెకన్లలో ఖాళీ అవుతుంది, 30 అడుగుల లోపే పనిచేస్తుంది, కొండమీద ఎదురుగాలి ఉంటే మందంతా నీ కళ్లలోకే వస్తుంది. మందు లేని ఉత్తుత్తి డబ్బాలు అమ్ముతారు, ఒకటి కొని పెరట్లో నిలబడి పదిసార్లు తీసి చూడు. స్ప్రేని ఆంకరేజ్‌నుంచి విమానంలో తీసుకెళ్లనివ్వరు, చేతిసంచీలోనూ కుదరదు, లగేజీలోనూ కుదరదు. కోడియాక్‌లో దిగాక కొనుక్కుని, ఫ్లోట్ ప్లేన్ పైలట్‌కి ముందే చెప్పు. అది విమానం లోపల పేలితే పైలట్‌కి కళ్లు కనబడవు. అందుకే నీళ్లమీద తేలడానికి విమానం కింద ఉండే డొల్ల పడవల్లాంటి వాటిలోపల పెట్టి తీసుకెళ్తారు.

ఇక నువ్వు అడగనిది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పిస్టల్ ఉంది, టెంటు ఉంది, రాత్రి ఉంది. మేక చచ్చాక ఏం చేస్తావో ఒక్క ముక్క లేదు. నిద్రపోతున్నవాణ్ని ఎలుగు వచ్చి లాక్కుపోతుందేమోనని అందరూ భయపడతారు. నా భయం అది కాదు. పట్టపగలు మోకాళ్లమీద కూర్చుని, రెండు చేతులూ మోచేతులదాకా నెత్తురైపోయి, తల వంచుకుని తోలు ఒలుచుకుంటున్నవాడి గురించి నా భయం. తోడున్నవాడికైతే ఒకడు కోస్తుంటే ఒకడు చుట్టూ చూస్తుంటాడు. ఒంటరివాడికి ఆ రెండో జత కళ్లు ఉండవు.

ఉద్దానంవాణ్ని కాబట్టి భయం లేదన్నావు. అక్కడే నాకు నమ్మకం కుదరలేదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఎలుగు ఒక రైతు ప్రాణం తీసి, మర్నాడు ఇంకొందరిని చీరేసిన సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. పొద్దున్నే తోటకి వెళ్లేవాళ్లు పెద్దగా మాట్లాడుకుంటూ, కర్ర తాటించుకుంటూ వెళ్లేది ధైర్యం ఉండి కాదు కదా. ఆ అలవాటు ఇక్కడికి తెచ్చుకో, పనికొస్తుంది. ఉత్తరంలో కనబడిన ధైర్యాన్ని మాత్రం మనవాళ్లు మేకపోతు గాంభీర్యం అంటారు. మేకల వేటకి పోయేవాడికి అది అసలే నప్పదు.

మీ తోటల్లో తిరిగే ఎలుగు చెదలు, తేనె, జీడిపళ్లు, పనసతొనలు వెతుక్కుంటూ వస్తుంది. నువ్వు హఠాత్తుగా ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది. నీ చేతిలో యాట మాంసం ఉన్నా దానికి పెద్దగా పట్టదు. కోడియాక్ ఎలుగు సంగతి వేరు. మగది 600 కిలోలు దాటొచ్చు, మీవైపు పెద్ద మగ ఎలుగుకి నాలుగింతలు. ఆ దీవుల్లో దాదాపు 3,500 ఉన్నాయి. సెప్టెంబర్ నెలాఖరుకి సాల్మన్ చేపలు తగ్గిపోతుంటాయి, కొండపళ్లు అయిపోవస్తుంటాయి, శీతాకాలం గుహలో పడుకునేలోపు ఒంటికి కొవ్వు పట్టించుకోవాలి. ఆ సమయంలో నువ్వు ఒక మేకని కొట్టి, చీల్చి, గాలికి పెడతావు. మీ ఊరి ఎలుగుకి నువ్వు అడ్డం వచ్చినవాడివి మాత్రమే. ఈ ఎలుగుకి నువ్వు వండిపెట్టినవాడివి. నీ చిన్నప్పటి అనుభవం సరిగ్గా ఎక్కడ కావాలో అక్కడే మోసం చేస్తుంది.

2018 సెప్టెంబర్‌లో వయోమింగ్‌లో, టీటన్ అడవుల్లో ఒక వేట గైడు ఇలాగే చనిపోయాడు. ముందురోజు కొట్టిన ఎల్క్ (పెద్ద దుప్పిలాంటి జింక) ఆ రోజు దొరక్క, మర్నాడు వెతికి పట్టుకుని, తన దగ్గరికి వేటకి వచ్చినాయనతో కలిసి కోస్తుండగా రెండు గ్రిజ్లీలు (అక్కడి బ్రౌన్ బేర్లు) వచ్చాయి. ఆయన అనుభవజ్ఞుడు. పిస్టల్ ఉంది, కానీ ఒంటిమీద లేదు, సామాను దగ్గర ఉంది. అక్కడ ఉన్నది ఇద్దరు. ముందురోజు పడిన జంతువు, దగ్గర లేని ఆయుధం, ఈ రెండూ గుర్తుపెట్టుకో. పిస్టల్ కొనాలా అని అడిగావు కదా, కోసేటప్పుడు అది నీ నడుముకి ఉంటుందా, సంచీలో ఉంటుందా?

నా కథ ఒకటి చెప్తాను. ఇది మా ఇంట్లో చాలాకాలం చెప్పలేదు.

కొన్నేళ్ల క్రితం ఇక్కడే అలాస్కాలో, కెనాయ్ కొండల్లో నేనూ నీలాగే ఒక్కణ్నే వెళ్లాను. రెండు రోజులు మంచులో తడిసి, మూడోరోజు మధ్యాహ్నం ఒక మంచి పోతు కనబడింది. చుట్టూ తిరిగి దానికన్నా పైకి చేరేసరికి నాలుగు దాటింది. చీకటి పడటానికి ఇంకా నాలుగు గంటలు ఉందిలే అనుకున్నాను. ఒక్క దెబ్బకే పడింది. పడి ఊరుకోలేదు, దొర్లింది. గడ్డిచరియ దాటి, రాళ్లు దాటి, కింద ఆల్డర్ పొదల్లోకి పోయింది. ఆల్డర్ అంటే మన ఈతపొదల్లాంటిది కాదు. మనిషి ఎత్తున, కొమ్మలన్నీ కిందివైపు వాలి, అడుగు తీసి అడుగు వేయనివ్వని చెట్లు. మేక దగ్గరికి దిగేసరికి చీకటి పడుతోంది. హెడ్‌లైటు వెలుతురులో ఒక తొడ, ఒక జబ్బ, వెన్నుకండ తీశాను. అప్పటికే వణుకు పట్టుకుంది. మిగతాది అక్కడే వదిలేశాను, పేగుల పక్కనే, పొదలకి పది అడుగుల్లో. పొద్దున్నే వద్దాంలే అనుకున్నాను.

పొద్దున్న పొగమంచు. మనిషి కనబడని మంచు. బొంతకాకులు అరుస్తున్నాయి, దగ్గరికి వస్తుంటే ఆ అరుపులు చెట్లమీదినుంచి వినబడుతున్నాయి కానీ నేలమీదినుంచి కాదు. కాకులు మాంసంమీద కాకుండా చెట్టుమీద ఎందుకు కూర్చున్నాయి అన్న ఆలోచన అప్పుడు రాలేదు. చేత్తో రైఫిల్‌ని చేతికర్రలా పట్టుకుని దిగుతున్నాను. ముందు వాసన తగిలింది, తడిసిన కుక్క వాసనలాంటిది, దానికి పదింతలు. తర్వాత మంచు కాస్త పలచబడింది. నేను మేకని వదిలిన చోట మేక లేదు, ఒక దిబ్బ ఉంది. గడ్డి, నాచు, మట్టి పెళ్లలుగా పీకి కప్పేసిన దిబ్బ. దానిమీద ఎలుగు పడుకుని ఉంది. నాకూ దానికీ మధ్య మా ఇంటి హాలంత దూరం.

అది లేచి నిలబడలేదు, గర్జించలేదు. తల మాత్రం ఎత్తి చూసింది. నేను దాన్ని చూస్తూనే, మెల్లగా మాట్లాడుతూ, వెనక్కి వెనక్కి ఎక్కాను. ఏం మాట్లాడానంటే, నవ్వకు, "సరేనయ్యా, నీదే, నీదే" అని తెలుగులోనే అన్నాను. అది కదల్లేదు. అదృష్టం, అంతే. ఇంకో రోజైతే ఇంకోలా జరిగేది.

ఇంటికి వచ్చి మాంసం ఫ్రీజర్‌లో పెడుతుంటే మా ఆవిడ సంచులు లెక్కపెట్టి అడిగింది: "మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అని ఎప్పుడూ వినేదాన్నే, ఈ మేకకి రెండేనా?" నవ్వేసి ఏదో చెప్పాను. నిజం చెప్పడానికి రెండేళ్లు పట్టింది. ఈ విషయానికి మళ్లీ వస్తాను.

కాబట్టి వేటని తల్లకిందులుగా ఆలోచించు. మాంసం ఎలా కిందికి వస్తుందో ముందు, తూటా తర్వాత. మేక కనబడగానే "కొట్టగలనా" అని కాదు, "కొడితే ఎక్కడ పడుతుంది" అని చూడాలి. కొండమేక దెబ్బ తిన్నాక కూడా రెండడుగులు అంచువైపే వేస్తుంది, దాని ధైర్యం ఉండేదే అంచుమీద. చదునైన చోట మేస్తున్నదైనా, గుట్టలా పడుకున్నదైనా అయితేనే కొట్టు. అంచుమీద నిలబడి ఉంటే ఎంత మంచి కొమ్ములైనా వదిలేయ్. కింద ఆల్డర్ ఉంటే అసలే వద్దు.

గడియారం చూసుకో. మధ్యాహ్నం రెండు తర్వాత తూటా వద్దు. నీకిది మొదటి మేక, ఒక్కడివే, వాలుమీద, వర్షంలో. నాలుగు గంటలకి తక్కువ పట్టదు. పెద్ద పోతు ఎముకలు తీసేసినా నలభై కిలోల చుట్టూ మాంసం వస్తుంది. దానిమీద తోలూ తలా, దానిమీద నీ టెంటూ సామానూ. ఒక్క మోతలో కాదు, రెండు కాదు, మూడు మోతలు. ప్రతి మోతకీ నువ్వు ఒక ఎలుగు తిరుగాడే చోటికి తిరిగి వెళ్తున్నావు. అలాస్కా చట్టం తినదగిన మాంసమంతా తీసుకెళ్లాలంటుంది. మెడ, పక్కటెముకలమీది కండ, ముందు జబ్బలు, వెనక తొడలు, వెన్ను, ఏదీ వదిలేయడానికి లేదు. తలకాయ తీసుకుని మాంసం వదిలేసేవాళ్లకి ఇక్కడ జైలు కూడా పడొచ్చు. నాకు ఈ చట్టం నచ్చుతుంది.

కోసే పద్ధతి కూడా మార్చుకో. మన ఊళ్లో యాటని వేలాడదీసి ముందు పొట్ట కోస్తారు. ఇక్కడ పొట్ట ముట్టుకోకుండానే పని కానివ్వాలి. వెన్నుమీదినుంచి తోలు చీల్చి ఒకపక్క జబ్బ, తొడ, వెన్నుకండ, మెడ, పక్కటెముకలమీది కండ తీసి సంచుల్లో వేసి, తిప్పి రెండోపక్క అదే చెయ్యి. లోపలి మెత్తటి కండకి మాత్రం చివర్లో చిన్న గాటు పెడితే వస్తుంది. వాసన తగ్గుతుంది, పని తొందరగా అవుతుంది. మొదలుపెట్టేముందు ఒక కాలు తాడుతో రాయికి కట్టు, లేకపోతే తిప్పగానే మళ్లీ దొర్లుతుంది. ఐదు నిమిషాలకోసారి కత్తి కింద పెట్టి లేచి నిలబడి నలువైపులా చూడు. ఫోనులో అలారం పెట్టుకో, సిగ్గుపడకు. స్ప్రే ఒంటిమీద, రైఫిల్ చెయ్యి చాచితే అందేలా. నోరు ఊరుకోనివ్వకు. పాటలు వస్తే పాడు, రాకపోతే ఎక్కాలు చదువు.

తీసిన మాంసం తీసినట్టే పేగులకి దూరంగా మోసెయ్యి. కనీసం వంద గజాలు. పొదలు లేని, దూరంనుంచి బైనాక్యులర్‌కి కనబడే గట్టుమీద పెట్టు. రెండో మోతకి తిరిగి వచ్చేటప్పుడు పావుమైలు దూరంలోనే కూర్చుని పది నిమిషాలు చూడు. తర్వాత గాలి నీ వీపుమీదినుంచి ముందుకి వీచేలా, అరుచుకుంటూ రా. వేటలో గాలిని దాచుకుంటాం, ఇప్పుడు దాచకూడదు, నీ వాసన నీకంటే ముందు వెళ్లాలి. మాంసంమీద మట్టి, గడ్డి కప్పి ఉంటే అది ఇక నీది కాదు. చూసి వెనక్కి తిరిగెయ్. మాంసం ఎత్తుకుపోయిందని ఎలుగుని కాల్చడానికి చట్టం ఒప్పుకోదు. ప్రాణంమీదికి వచ్చి కాల్చాల్సి వస్తే, ఆ తోలూ పుర్రే ఒలిచి ప్రభుత్వానికి అప్పజెప్పి రిపోర్టు రాయాలి. ఒకవేళ అది మీదపడి తాకితే బోర్లా పడుకో, వీపున సంచీ తీయకు, రెండు చేతులూ మెడవెనక కట్టుకో, కాళ్లు ఎడంగా పెట్టు, తిప్పితే తిరిగి బోర్లానే పడుకో. అది వదిలేశాక కూడా చాలాసేపు కదలకు. అలా చచ్చినట్టు పడున్నా ఆపకుండా కొరుకుతూనే ఉంటే అప్పుడు మాత్రం చేతికి దొరికినదాంతో తిరగబడు.

మేక గురించి రెండు మాటలు. పేరుకే మేక. మన మేకల జాతి కాదు. కోడియాక్‌లో అవి పుట్టుకతో ఉన్నవీ కావు. 1952, 53లలో కెనాయ్‌నుంచి 18 మేకల్ని తెచ్చి వదిలితే ఇప్పుడు దీవంతా పాకాయి. ఆడదానికీ మగదానికీ రెండింటికీ కొమ్ములుంటాయి, గడ్డాలుంటాయి. అందుకే పొరపాటు చాలా సులువు. పోతు కొమ్ములు మొదట్లో లావుగా ఉంటాయి. రెండు కొమ్ముల మధ్య ఖాళీ ఒక కొమ్ము మొదలంత కూడా ఉండదు, వంపు మొదటినుంచి చివరిదాకా ఒకేలా వస్తుంది. ఆడదాని కొమ్ములు సన్నం, మధ్యలో ఖాళీ ఎక్కువ, నిటారుగా లేచి చివర వంగుతాయి. ఇవేవీ తేలకపోతే ఒంటేలు పోసేదాకా ఆగు. పోతు ముందుకి సాగి నిలబడుతుంది, ఆడది కూర్చుంటుంది. పిల్లతో ఉన్న తల్లిని కొట్టడం చాలా వేటల్లో నేరం. ఒంటరి ఆడదాన్ని కొట్టడం చాలాచోట్ల నేరం కాకపోయినా నేను కొట్టను. నాలుగైదేళ్లు వచ్చేదాకా అది ఈనదు, ఈనినా సాధారణంగా ఒక్కటే పిల్ల. ఫిష్ అండ్ గేమ్ శాఖవాళ్ల వెబ్‌సైట్‌లో పోతుని గుర్తుపట్టే క్విజ్ ఉంది. అందులో వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వచ్చేదాకా తూటాలు కొనొద్దు.

మేక అమాయకంగా కనబడుతుంది కానీ అది కూడా తక్కువది కాదు. 2021 సెప్టెంబర్‌లో కెనడాలో యోహో నేషనల్ పార్కులో చచ్చిపడి ఉన్న ఒక ఆడ గ్రిజ్లీని పరీక్ష చేస్తే, చంకల్లోనూ మెడ మొదట్లోనూ ఉన్న గాయాలు కొండమేక కొమ్ములవని తేలింది. పట్టుకుందామని వెళ్లిన ఎలుగే పోయింది. గాయపడిన పోతు దగ్గరికి తొందరపడి వెళ్లకు.

కొండ గురించి తక్కువ చెప్తాను, జింకలవేటలో నీకు కొంత తెలిసే ఉంటుంది. మేకలు కిందివైపే చూస్తుంటాయి, ప్రమాదం ఎప్పుడూ కిందినుంచే వస్తుందని వాటి లెక్క. అందుకే పైనుంచి రావాలి. పొద్దున్నే గాలి లోయలోకి దిగుతుంది, ఎండ ఎక్కాక పైకి లేస్తుంది. ఎక్కడానికి కాలు పట్టిందని దిగడానికి పడుతుందని కాదు. దిగలేనిచోటికి ఎక్కకు. నిజం చెప్పాలంటే ఎలుగుకన్నా తడిగడ్డి ఎక్కువ భయం నాకు. కోడియాక్‌లో వాన, పొగమంచు కలిస్తే ప్లేన్ మూడు నాలుగు రోజులు ఆలస్యం కావడం మామూలే. ఏడు రోజులకి వెళ్తే పదకొండు రోజుల తిండి పెట్టుకో. దిగిన రోజే వేట కుదరదని తెలుసుగా? విమానంలో దిగినవాడు మర్నాడు తెల్లవారుజామున మూడు దాటేదాకా మేకని కాల్చకూడదు. ఆ సాయంత్రం చక్కగా టెంటు వేసుకుని, చుట్టూ బ్యాటరీతో నడిచే ఎలక్ట్రిక్ కంచె కట్టుకో. రెండు కిలోలలోపే ఉంటుంది. రాత్రి ఏది దగ్గర పెట్టుకోవాలి అన్నదానికి నా అసలు జవాబు ఈ కంచె. మాంసానికి ఇంకో కంచె మోయగలిగితే ఇంకా మంచిది. మేకలు తిరిగే అంత ఎత్తున తిండి వేలాడదీయడానికి చెట్లు ఉండవు, ఎలుగు తెరవలేని గట్టి తిండి డబ్బా తప్పదు.

(ఇది చదివి సియాటిల్‌నుంచో డాలస్‌నుంచో టికెట్ కొనబోయేవాళ్లు ఆగండి. అలాస్కా నివాసి కానివాళ్లు కొండమేకని ఒంటరిగా వేటాడటానికి చట్టమే ఒప్పుకోదు. లైసెన్సున్న గైడు ఉండాలి, లేదా 19 ఏళ్లు నిండిన, ఇక్కడే ఉండే దగ్గరి బంధువు తోడుండాలి. బావమరిది కూడా లెక్కలోకి వస్తాడు.)

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. నీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది పిస్టల్ కాదు, ఆ చివరి రెండు వాక్యాలు. అబద్ధం ఆడటం తప్పని నీతి చెప్పడానికి నేను ఇక్కడ కూర్చోలేదు. నేనూ ఆడినవాణ్నే. ఈ అబద్ధం పనిచేసే తీరు చూడు. ఇద్దరున్నారని ఆవిడ నమ్ముతుంది. ఒక రాత్రి నీ మెసేజ్ రాదు. తోడున్నాడు కదా, వాడు చూసుకుంటాడులే అనుకుంటుంది. రెండో రాత్రి కూడా అలాగే అనుకుంటుంది. నువ్వు ఏదో చరియకింద కాలు విరిగి పడి ఉంటే ఆ రెండు రాత్రులే నీకున్న సమయం. మూడోరోజు ఆవిడ ట్రూపర్లకి (అలాస్కా పోలీసులకి) ఫోన్ చేసి "ఇద్దరు" అని చెప్తుంది. వెతికేవాళ్లు ఇద్దరికోసం వెతుకుతారు, నిన్ను దొరకబుచ్చుకున్నాక కూడా లేని రెండోవాడికోసం కొండమీద ప్రాణాలు పణంగా పెట్టి తిరుగుతారు. కోడియాక్‌లో కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్లున్నాయి, గొప్పవాళ్లు. కానీ వాళ్లు కూడా మంచు విడిచేదాకా ఎగరలేరు. వాళ్లకి ప్రతి గంటా లెక్కే.

కాబట్టి ఈ వారంలో ఒకరోజు, పిల్లలు పడుకున్నాక, మ్యాపు బల్లమీద పరిచి చెప్పు. దిగే చెరువు ఇది, ఎక్కే గట్టు ఇది, టెంటు ఇక్కడ, ఎట్టి పరిస్థితిలోనూ దాటని గీత ఇది. శాటిలైట్ మెసెంజర్ కొను, రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒక మెసేజ్. అది రాకపోతే ఎన్ని గంటలు ఆగాలో, ఆ తర్వాత ఎవరికి ఫోన్ చేయాలో, ఆ నంబరూ, ప్లేన్‌వాళ్ల నంబరూ కాగితంమీద రాసి ఫ్రిజ్‌కి అంటించు. కోపం వస్తుంది, రానీ. నువ్వు ఒక్కడివే వెళ్తున్నందుకు వచ్చేదానికన్నా అబద్ధం చెప్పినందుకు ఎక్కువ వస్తుంది. మా ఇంట్లో రెండేళ్ల తర్వాత చెప్పినప్పుడు ఆవిడ ఎలుగు గురించి ఒక్కమాట అడగలేదు. "ఆ రోజు నేను ఎక్కడ వెతుక్కునేదాన్ని?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అంతా విన్నాక ఆవిడ వద్దంటే? వద్దన్నట్టే. నన్నడిగినా ఈ ఏడాదికి ఒంటరిగా వద్దనే అంటాను. రెండు జింకలు పెద్దాయన పక్కన ఉండగా కొట్టినవి. వాలుమీద మేకని ఒక్కడివే ఎప్పుడూ కోయలేదు. కానీ పర్మిట్ పోగొట్టుకోమని అనడం లేదు. వేటాడేవాడే తోడు కానక్కర్లేదు. పర్మిట్ లేనివాడు కూడా వెంట వచ్చి మాంసం మోయొచ్చు, చుట్టూ కాపలా కాయొచ్చు. నీకు కావలసింది కాళ్లలో బలం ఉన్న, మంచుకి విసుక్కోని, మాటిమాటికీ తల ఎత్తి చుట్టూ చూసే ఒక మనిషి. ఆఫీసులో కొండలెక్కే కుర్రాళ్లు ఒకరిద్దరు ఉండకపోరు. పది కిలోల మాంసం ఇస్తానను, వస్తారు. ఆ పెద్దాయన్ని కూడా అడుగు, మోకాలు పాడైనా నోరు బాగానే ఉంటుంది, ఎవరు పనికొస్తారో ఆయనకి తెలుస్తుంది.

మనిషి దొరికిన రోజే ప్లేన్‌వాళ్లకి ఫోన్ చెయ్యి. ఇద్దరైతే బరువు లెక్క మొత్తం మారుతుంది, తిరుగు ప్రయాణంలో మేకతో కలిపి రెండు ట్రిప్పులు వేయాల్సి రావొచ్చు. దానికి డబ్బు ఎక్కువవుతుంది. ఆ పిస్టల్‌కి దాచిన డబ్బు అందులో పెట్టు.